శుక్రారం బాకీ

గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి
మా బాబాయి టీవీలో తలుపు కొడతాడు.
చంకలో గొడుగు, జేబులో ఏమీ ఉండదు.
తలుపు తీసిన మనిషి మొహం చూసి
చెప్పులు బయట విడవాలా, లోపల విడవాలా అని
ఒక్క క్షణం ఆలోచిస్తాడు.
అక్కడ జనం నవ్వుతారు.
ఆ నవ్వు నేను రాసేది కాదు,
వాళ్ళ దగ్గర డబ్బాల్లో ఉంటుంది.

పేరు మార్చాను. టీవీలో ఆయన చిదంబరం.
అంబాజీపేటలో గంగాచలం, కొబ్బరి దింపు మేస్త్రీ,
మా నాన్నకి పినతండ్రి కొడుకు,
కొట్టు కొట్టుకీ ఖాతా ఉన్న మనిషి.
"రాస్కో, శుక్రారం ఇచ్చేత్తాను"
అన్న మాట మాత్రం మార్చలేదు.
అది మారిస్తే ఇక రాయడానికి ఏముంది?

మొదటి ఏడాది నాతో మాట్లాడలేదు.
సంతలో పిల్లలు వెనకపడి
శుక్రారం శుక్రారం అని అరిస్తే
పీచు లారీ చాటుకి తప్పుకున్నాడు.
రెండో ఏడాది వెనక్కి తిరిగాడు.
ఎప్పుడూ గొడుగు పట్టుకు తిరిగేవాడు,
అంతకుముందు ఆయనకి గొడుగే లేదు,
అది నేను రాసింది.
టీ కొట్టువాళ్ళు ఆ మాట అనిపించుకుని
డబ్బులు పుచ్చుకోకుండా టీ పోసేవారు.
పల్లాలమ్మ పిన్ని నన్ను పట్టుకుని అంది:
"ఇంట్లోనూ అలాగే నడుత్తన్నాడ్రా అబ్బాయ్,
నా మనిషిని నాకిచ్చెయ్."

సీరియల్లో ఒక సుఖం ఉంది.
ఈ వారం పగిలిన కూజా
వచ్చే వారానికి అతుక్కుని ఉంటుంది.
అత్త కోడలి నెక్లెసు దాస్తుంది, దొరుకుతుంది,
ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారు,
గురువారం తిరిగొచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు.
తోడల్లుడు ఎన్నిసార్లు దాక్కున్నా
అదే బీరువా వెనక, అక్కడ ఎవరూ వెతకరు.
చిదంబరం బాకీ మూడొందల దగ్గర ఆగిపోయింది.
తీరదు, పెరగదు.
ఛానెలు వాళ్ళు ముందే చెప్పారు:
ఎవరూ మారకూడదండీ, మారితే జనం గాభరా పడతారు.

గంగాచలం మారాడు.
నలభై ఏళ్ళు చుట్ట కాల్చిన గొంతుని
కాకినాడలో కోసి తీసేశారు.
మెడకి చిల్లు, చిల్లు మీద తడిగుడ్డ,
చేతిలో మనవరాలి పలక, మూల విరిగింది.

చూడ్డానికి వెళ్ళినరోజు గురువారమే అయింది.
తలుపు చప్పుడుకి మంచం మీద లేచి కూచున్నాడు.
చిదంబరం నోరు తెరిచేలోపే
ఈయన పెదాలు కదిలాయి,
ఒక్క అక్షరం ముందు.
మాట అటునుంచి వచ్చింది.
పిన్ని ఇటే చూసింది.

నాలుగు నెలలకి ఆ నటుడు
ఎక్కువ అడిగాడని తీసేశారు.
కొత్తవాడొచ్చాడు. అదే గొడుగు.
పాత భార్యే తలుపు తీసి "వచ్చారా" అంది,
మొహం మారిందని ఒక్కరూ అనలేదు.
ఆ రాత్రి పిన్ని నా ఫోనుకి పలక ఫొటో పంపింది:
"వీడు గుక్క తిప్పుకోకుండా అనేత్తన్నాడు.
రాస్కో అన్నాక ఆగాలి.
ఎదుటోడు కలం ఎతుక్కోవాలి గదా."
డైరెక్టరుకి చెప్పాను. వాడు ఆగాడు.
డబ్బా విప్పకుండానే సెట్లో నవ్వారట.

మొన్న వెళ్తే దిండు కింద నుంచి
దింపు లెక్కల పుస్తకం తీశాడు.
కాయల లెక్కకి వెనక పేజీల్లో
తేదీలు, నిలువు గీతలు, అయిదేసికి అడ్డగీత.
మాట అనిపించినది రెండొందల పధ్నాలుగు సార్లు,
సారికి పది.
ముప్ఫై సార్లు ఆ తోడల్లుడు అన్నాడు, అవి సగం రేటుకి.
గొడుగు ఊసు లేదు,
అది నాదేనని ఒప్పుకున్నట్టున్నాడు.
కింద పెద్ద అక్షరాలతో నా పేరు.
పుట్టి బుద్ధెరిగాక
ఆయనకి ఒకరు బాకీ పడటం ఇదే.

జేబు తడుముకున్నాను.
ఉంది, సరిపడా ఉంది.
తియ్యలేదు.

"రాస్కో" అన్నాను.
ఆగాను.

బాబాయి దుప్పటి మడతల్లో
బలపం వెతుక్కుంటున్నాడు.